ముప్పాతిక గడ్డి

ఆయన పోయిన సంగతి నాకు మొదట చెప్పింది ఫూల్‌వతి. మా వీధి మలుపులో కూరగాయల బండి పెట్టుకునే మనిషి. ఆ రోజు బండిని అలాగే వదిలేసి, మెట్లెక్కి వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడింది. ఇన్నేళ్లలో ఆమె మా గుమ్మం దాకా రావడం అదే మొదలు. "దీదీ, పత్తేవాలే అంకుల్ నహీ రహే," అంది. ఆకుల అంకుల్ ఇక లేరట. ముందురోజే దహనం కూడా అయిపోయిందట. ఇంకేమైనా చెబుతుందేమోనని చూశాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, బండి దగ్గర ఎవరూ లేరంటూ దిగిపోయింది.

మంచి కబురు విన్నా చెడ్డ కబురు విన్నా ముందు దేవునికి వందనం చెప్పడం మా అమ్మ నేర్పిన అలవాటు. వందనం చెప్పాక ఏడవమనేది. ఆ రోజు తలుపు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో గానీ, ఆ మాట మాత్రం నోటికి రాలేదు.

ఆయన పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. తన గురించి ఎవరైనా నాలుగు మాటలు అడిగితేనే ముఖం తిప్పుకునే మనిషి ఆయన.

ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో మేముండే వీధిలో అందరూ పెద్ద ఉద్యోగాల పరీక్షలకి చదివేవాళ్లే. మా కింది వాటాలో కూడా లైబ్రరీయే. పొద్దున్న పది గంటలకి ఆ పిల్లలు టీ కోసం బయటికి వచ్చే వేళకి ఈయన గుడ్డసంచీ చంకన పెట్టుకుని ఫూల్‌వతి బండి దగ్గరికి వచ్చేవారు. ముల్లంగి కొనేవాళ్లు "పత్తే హటా దో" అంటారు. ఆమె ఆకులు విరిచి కింద పడేస్తుంది. ఆయన వంగి వాటిని ఏరుకునేవారు. ఒక్కో కట్టనీ రెండుసార్లు దులిపి, కాడ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పండుటాకులు గిల్లి పారేసి సంచీలో పెట్టేవారు. ఆవునో మేకనో పెంచుతున్నారేమో అనుకున్నాను. ఏమీ లేవు. ఒంటరి మనిషి, ఇంటిపైన ఒంటిగది. ఆ ఆకులు ఆయనే వండుకునేవారు. మిగిలినవి పార్కు పక్కన కట్టేసిన ఎవరి ఆవుకో వేసేవారు.

ఆ ఆకుల సంగతి తర్వాత తెలిసింది. ముప్ఫై ఏళ్లకు పైగా ఆయన ఒక సర్కారు పరిశోధనశాలలో జంతువుల గదికి అటెండరు. మందులు ప్రయత్నించి చూడటానికి అక్కడ కుందేళ్లను పెంచేవారు. వాటికి మేత పెట్టడం, గూళ్లు కడగడం ఆయన పని. ఆఫీసు ఇచ్చేది ఎండు గుళికల మేత. దానితో అవి బతుకుతాయి గానీ బాగుండవని, దారిలో కూరగాయల బండ్ల దగ్గర ఆకులు ఏరుకుని వెళ్లేవారట. రిటైరయ్యారు. చెయ్యి మాత్రం మానలేదు.

మొదటిసారి ఆయన నాతో మాట్లాడింది కారెట్ల దగ్గర. చలికాలం మొదట్లో వచ్చే ఎర్ర కారెట్లు. నేను కిలో తూయమన్నాను. "ఇంత ఎందుకు దీదీ, హల్వాకా?" అని ఫూల్‌వతి అడిగితే, "మా కుందేలుకి" అని గొప్పగా చెప్పాను. పక్కనుంచి తెలుగు వినబడింది.

"కారెట్ కాదమ్మా. దాని మీదున్న ఆకు పట్టుకెళ్లు."

తిరిగి చూశాను. శ్రీకాకుళం వైపు యాస. మోచేతుల దగ్గర అల్లిక ఊడిన స్వెటరు.

"మీది తెలుగాండీ! ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వడగనేదు. గడ్డి పెడుతున్నావా?"

"గడ్డా?" నాకు కోపం వచ్చింది. "మేం తినేదే దానికీ పెడుతున్నామండీ. పెరుగన్నం, చపాతీ, అరటిపండు. మాకేం లోటు లేకుండా చూస్తున్నాడు దేవుడు. నోరు లేని దానికి ఎండుగడ్డి పడేసి ఊరుకుంటామా?"

ఆయన ఆ ఆకుల కాడ వాసన చూసి, "ముప్పాతిక గడ్డి, మిగతాది ముచ్చట," అని వెళ్లిపోయారు. ఎవరి ఇంటి సంగతో ఈయనకెందుకని విసుక్కుంటూ కారెట్లు మోసుకుని మెట్లెక్కాను.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. చిన్నప్పుడే నా ఎడమకాలు చచ్చుబడింది. నరసాపురంలో మా ఇంటి నుంచి బడి దూరం. అందుకని మా అమ్మే నాకు పలక పట్టించి, చదవడం, రాయడం, పాడటం, ప్రార్థన చేయడం అన్నీ వంటింట్లోనే నేర్పింది. చెల్లి బడికి వెళ్లింది, నర్సింగ్ చదివింది, ఢిల్లీలో ఉద్యోగం తెచ్చుకుంది, నన్నూ వెంట తెచ్చుకుంది. కూతురు కృప పుట్టాక చెల్లి భర్త వేరే దారి చూసుకున్నాడు. చెల్లి డ్యూటీకి వెళ్లేది, నేను పిల్లనీ ఇంటినీ చూసుకునేదాన్ని. మాకు అది చాలు. రోజూ పడుకునే ముందు వందనాలు చెప్పుకోవడానికి బోలెడు ఉండేవి.

కృప తొమ్మిదో పుట్టినరోజుకి చెల్లి ఆ కుందేలుని తెచ్చింది. తెల్లటి పిల్ల. దూది ఉండలా ఉందని కృప దానికి రూయీ అని హిందీ పేరు పెట్టింది. నెల తిరిగేసరికి చెల్లికి కడుపులో గడ్డ ఉందని తేలింది. తను పనిచేసే ఆసుపత్రిలోనే మంచమెక్కింది. వెళ్లేటప్పుడు కూతురి గడ్డం పట్టుకుని, "నేను వచ్చేలోగా రూయీని చిక్కిపోనివ్వకు," అంది. పిల్లకి ఏదో ఒక పని అప్పగించి వెళ్దామని అన్న మాట. కృప దాన్ని ఒప్పందంగా తీసుకుంది. "రూయీ ఠీక్ రహేగా తో మమ్మీ ఠీక్ రహేంగీ," అని రోజూ అనేది. రూయీ బాగుంటే అమ్మ బాగుంటుందని. నేను కాదనలేదు. పిల్ల ధైర్యం ఎందుకు చెడగొట్టాలి అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ అలా అనుకోవడం హాయిగానే ఉండేది.

అందుకే కిలో కారెట్లు. అందుకే పెరుగన్నం. కుందేలుతో పాటు అమ్మినవాడు ఇచ్చిన ఎండుగడ్డి కట్టని పక్క కోసమనుకుని రెండు రోజులు పరిచాం. ఒంటికి గుచ్చుకుంటుందని తీసేసి, పాత దుప్పటి మడిచి వేశాం. అదే దాని అన్నమని మాకు తెలీదు.

సోమవారం ఆపరేషన్ అన్నారు. ముందు శుక్రవారం మా చర్చి సంఘంలో చెల్లి కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉండాలని అనుకున్నాం. గురువారం సాయంత్రం అన్నాలు తిన్నాక కృప నా దగ్గరికి వచ్చి, "రూయీ భీ తో ఘర్ కా హై, పెద్దమ్మా," అంది. రూయీ కూడా ఇంట్లో మనిషే కదా, అది మాత్రం ఎందుకు తినాలి అని. ఆ పిల్ల విశ్వాసానికి నా కళ్లు చెమ్మగిల్లాయి. నా చేతులతోనే దాని గిన్నె తీసి అటక మీద పెట్టాను. నీళ్లు మాత్రం ఉంచాను.

శుక్రవారమంతా రూయీ మా కాళ్ల చుట్టూ తిరిగింది. కాగితాలు కొరికింది. మేం మోకరించి ఉంటే, అది మా ముందుకొచ్చి వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు రెండూ ఎత్తింది. "పెద్దమ్మా, దేఖో, ప్రే కర్ రహా హై!" అంది కృప. ఇద్దరం మురిసిపోయాం. అది అన్నం అడుగుతోంది. మేం ప్రార్థన అనుకున్నాం.

పొద్దు గుంకాక ఉపవాసం విడిచాం. దానికీ విడిపించాం. పెరుగన్నం, అరటిపండు, రెండు బిస్కెట్లు. ఆకలి మీద అన్నీ తినేసింది.

శనివారం పొద్దున్న, పెంటికలు పడేందుకు దాని మూలన పెట్టిన పళ్లెం శుభ్రంగా ఉంది. ఒక్క పెంటిక కూడా లేదు. ఇవాళ ఎత్తిపోసే పని తప్పిందని దేవునికి వందనం చెప్పుకున్నాను. ఆ వందనం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుతో తల వాలిపోతుంది.

కాసేపటికి కృప అరుపు. రూయీ మూలన ముడుచుకుని ఉంది. వీపు గూనిలా లేచింది. చెవులు చల్లగా ఉన్నాయి. పళ్లు పటపట నూరుతోంది. అరటిపండు పెడితే ముఖం తిప్పుకుంది. కారెట్ పెడితే కళ్లు మూసుకుంది. పశువుల డాక్టర్లకి ఫోన్ల మీద ఫోన్లు చేశాను. కుక్కలూ పిల్లులే చూస్తాం అన్నారు ఇద్దరు. గుర్‌గావ్‌లో ఒకాయన చూస్తారట గానీ సోమవారం రమ్మన్నారు. సోమవారం! నాకు గోడకి తల కొట్టుకోవాలనిపించింది. అప్పుడే ఆసుపత్రి నుంచి చెల్లి ఫోను. "రూయీ ఏం చేస్తోందే అక్కా?" అంది. "తింటోంది" అన్నాను. అబద్ధం అంత నున్నగా నా నోట ఎప్పుడూ రాలేదు.

కొత్తిమీర అయినా తింటుందేమోనని కిందికి దిగాను. నా కాలితో మెట్లు దిగడం ఎంత ఆలస్యమో ఆ రోజు తెలిసింది. బండి దగ్గర "ధనియా" అన్నాను, అంతే. ఏడుపు తన్నుకొచ్చింది. ఫూల్‌వతి కంగారుగా నా చెయ్యి పట్టుకుంది. ఆయన అక్కడే ఆకులు ఏరుతున్నారు.

"ఏటమ్మా, కుందేలేనా?"

"తినట్లేదండీ బాబాయిగారూ. పొద్దుట్నుంచీ ఏదీ ముట్టట్లేదు."

"తిండి తరవాత. పెంటికలు ఎప్పుడేసింది?"

"నిన్న పొద్దున్న చూశానండీ. ఇవాళ ఒక్కటీ లేదు."

"నిన్న ఏటి పెట్టినావు?"

నేను తల వంచుకున్నాను. "నిన్న ఉపవాసమండీ."

"నీకా?"

"అందరికీ."

ఆయన చేతిలో ఆకులు అలాగే ఉన్నాయి. తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. "పద," అన్నారు.

ఇంట్లోకి వచ్చాక ఆయన మొదట చేసిన పని చేతులు కడుక్కోవడం. మోచేతుల దాకా, సబ్బుతో, రెండుసార్లు. ఆ తర్వాత అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకున్నారు. నేల మీద కూర్చుని, దాని కళ్లలోకి చూడకుండా, పక్కనుంచి చెయ్యి పోనిచ్చి ఒళ్లోకి తీసుకున్నారు. వంగి దాని పొట్టకి చెవి ఆనించారు. 

"లోపల సప్పుడు నేదు," అన్నారు. "బాగున్నదానికి కుండలో పెసలు ఉడికినట్టు సప్పుడు రావాల. దీని పొట్ట ఎప్పుడూ ఆగకూడదమ్మా. పైనుంచి గడ్డి పోతుండాల, కిందనుంచి పెంటికలు వస్తుండాల. ఒక్క పూట ఆగితే లోపలున్నది గట్టిపడిపోద్ది. దాని మీద నువ్వు అన్నమూ అరటిపండూ ఏసీసినావు. గాలి పట్టీసింది."

"బతుకుతుందాండీ?"

ఆయన జేబులోంచి ఫోను తీశారు. తన పాత ఆఫీసులో పనిచేసి రిటైరైన పశువుల డాక్టరుకి ఫోను చేశారు. హిందీలో, ముక్కలు ముక్కలుగా, రోగి బంధువులా కాక నర్సులా చెప్పారు. ఎన్ని గంటలయింది, చెవులు ఎంత చల్లగా ఉన్నాయి, పొట్ట ఎంత బిగిసింది. డాక్టరు చెప్పిన మందులు నా చేత రాయించి, ఎంత మోతాదో రెండుసార్లు చదివించుకుని, తనే వెళ్లి తెచ్చారు. చెల్లి డబ్బాలో సూది లేని సిరంజి దొరికింది. గడ్డితో పాటు అమ్మినవాడు ఇస్తే మేం మూల పడేసిన గుళికల మేత పొట్లం వెతికి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి జావలా కలిపారు. దవడ పక్కనుంచి ఒక్కో చుక్క. అది మింగేదాకా ఆగి, మళ్లీ చుక్క. మధ్యమధ్య పొట్టని రెండు వేళ్లతో మెల్లిగా నిమురుతూ, నాలుగు అడుగులు నడిపిస్తూ.

మధ్యాహ్నం దాటింది. ఏ మార్పూ లేదు. కృప మూలన కూర్చుని ఏడుస్తోంది. "మైనే మారా ఉస్‌కో," అని. నేనే చంపాను దాన్ని, అని.  తొమ్మిదేళ్ల పిల్ల. సోమవారం దాని తల్లిని బల్ల మీద పడుకోబెడతారు. ఇప్పుడు ఈ జీవం పోతే ఆ పిల్ల ఎన్ని చావులు తన నెత్తి మీద వేసుకుంటుంది?

"గిన్నె తీసింది నేను," అన్నాను. "నువ్వు అడిగావు, అంతే. పెద్దదాన్ని నేను. నాకు తెలిసుండాలి. తప్పు నాదే కృపా."

పిల్ల నా వైపు చూడలేదు. దేవుడికి మొరపెట్టుకోవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. ఆ దేవుడి పేరు మీదే కదా గిన్నె తీశాను.

అప్పుడు ఆయన, తల ఎత్తకుండా, దాని పొట్ట నిమురుతూనే చెప్పారు. వాళ్ల ఆఫీసులో కొత్తగా ఒక పెద్ద సారు వచ్చాడట. కుక్కలతో పనిచేసి వచ్చినవాడు. ప్రయోగానికి ముందు సాయంత్రం నుంచి మేత ఆపాలని ఆర్డరు వేశాడట. మత్తు ఇస్తే కుక్క అయితే వాంతి చేసుకుంటుంది కాబట్టి ఆపుతారు. కుందేలుకి వాంతి రాదు, దానికి ఆపనక్కర్లేదు. "వద్దు సార్ అని ఒకసారి సెప్పినాను. నీ పని నువ్వు చెయ్యి అన్నాడు. పన్నెండు గూళ్లకి 'మేత బంద్' అని కార్డులు నేనే కట్టీసినాను. కింద సంతకం కూడా నాదే. పొద్దున్న ఎల్లీసరికి రెండు ఇలాగే ముడుసుకుని ఉన్నాయి."

"బతికాయాండీ?"

"నేదు." సిరంజి మళ్లీ జావలో ముంచి, "నువ్వు మీ దేవుడి మీద ప్రేమతో ఆపినావు. నాను ఆర్డరుకి ఆపినాను," అన్నారు.

తర్వాత కృపని దగ్గరికి పిలిచారు. "ఓ గుంటా, ఇటు సూడు. దీని కడుపు వేరు. మీ అమ్మ కడుపు వేరు. ఇది లేచినా మీ అమ్మకి ఏమీ రాసిపెట్టినట్టు కాదు. ఇది పోయినా కాదు. యే అలగ్, వో అలగ్. సమఝీ?"

"ఆప్ గందే హో!" అని అరిచింది పిల్ల. మీరు చెడ్డవాళ్లు అని. లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది. నాకూ ఆయన మీద కోపం వచ్చింది. ఎందుకంటే నేనూ లోపల్లోపల అదే బేరం ఆడుతున్నాను. ప్రభువా, దీన్ని లేపితే అది గుర్తు అనుకుంటాను, అని. ఆయన ఆ గుర్తుని నా చేతుల్లోంచి లాగేసుకున్నారు.

చీకటి పడే ముందు, గంటకోసారి జావ ఎలా పట్టాలో నా చేత చేయించి చూసి వెళ్లారు. ఆదివారం తెల్లవారగానే మళ్లీ వచ్చారు. చేతిలో గరిక. పార్కులో కోసి, కడిగి, తుండుగుడ్డలో ఆరబెట్టి తెచ్చారు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఆదివారం చర్చికి వెళ్లకపోవడం అదే మొదటిసారి. రూయీ పక్కన కూర్చున్నాను. జావ. నడక. పొట్ట. జావ. నా చేత చుక్క ఎక్కువ పడితే, "తొందర పడకు. నీ ఆత్రం దాని గొంతులో పొయ్యకు," అని విసుక్కునేవారు.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఆయన చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయారు. తర్వాత నన్ను రమ్మని సైగ చేశారు. నేనూ చెవి ఆనించాను. ఎక్కడో లోతున, ఒక చిన్న గుళక్. మళ్లీ ఏమీ లేదు. మళ్లీ ఒకటి.

నాలుగు గంటలకి రూయీ తనంతట తనే లేచి రెండు గెంతులు వేసింది. వెనక మూడు పెంటికలు పడ్డాయి. ఆవగింజల కంటే కొంచెం పెద్దవి. ఎండిపోయి, బొచ్చుతో ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఆయన వాటిని అరచేతిలోకి తీసుకుని, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, కిటికీ వెలుగులో చూశారు. "రిపోర్టు వచ్చీసింది," అన్నారు.  కృప తలుపు తీసుకుని వచ్చి ఆ చేతిలోకి తొంగి చూసింది. ఆ పూట మా ఇంట్లో అంతకంటే విలువైనది ఏదీ లేదు. రూయీ గరికపోచ ఒకటి నోట పెట్టుకుని, నిదానంగా, చివరిదాకా లోపలికి లాక్కుంది.

సోమవారం చెల్లికి ఆపరేషన్ జరిగింది. గురువారం చెల్లి పోయింది.

అది ఎలా జరిగిందో రాయలేను. డాక్టర్లూ, తనతో పనిచేసిన నర్సులూ చేయగలిగిందంతా చేశారు. వాళ్లకి నేను రుణపడి ఉన్నాను. కానీ చెల్లిని మట్టికి అప్పగించి ఇంటికి వచ్చిన సాయంత్రం, మూలన రూయీ గడ్డి నములుతున్న చప్పుడు వినబడితే నాకు ఒళ్లు మండిపోయింది. ఇది తింటోంది. ఇది బతికి తింటోంది. దాన్ని ఎత్తి కిటికీలోంచి విసిరెయ్యాలనిపించింది. దేవుడా, నువ్వు వినాల్సిన ప్రార్థన ఏది, విన్నదేది అని గొంతు చించుకోవాలనిపించింది. ఎందుకు తిన్నావే, ఎందుకు తిన్నావు అని దాన్ని పట్టుకుని ఊపబోయాను. కృప వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నహీ పెద్దమ్మా. వో అలగ్ థా. తాతాజీ నే బోలా థా."

అది వేరు, తాతగారు చెప్పారుగా, అంది. రూయీ మీద ఆ పిల్లకి కోపం లేదు. తన మీద తనకి లేదు. గురువారం తను అడిగిన మాట తల్లిని చంపిందని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ శనివారం ఆయన ఆ ముడి విప్పకపోయి ఉంటే, ఆ పిల్ల ఏమైపోయేదో ఊహించుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలదు. నేనైతే విప్పేదాన్ని కాదు. ఇంకా బిగించేదాన్ని.

తర్వాతి వారమంతా మేమిద్దరం గోడకి ఆనుకుని కూర్చుని ఉంటే, రోజూ ఆయనే వచ్చి దానికి పెట్టి వెళ్లారు. పరామర్శ మాట ఒక్కటీ అనలేదు. పళ్లెం చూసేవారు, పెంటికలు లెక్కపెట్టేవారు, నీళ్లు మార్చేవారు. ఒకరోజు నా ముందు గడ్డి కట్ట పెట్టి, "వాసన సూడు," అన్నారు. చూశాను. "ఏం తెలిసింది?" ఏమీ తెలియలేదన్నాను. "ఎండలో ఆరిన వాసన రావాల. బూజు వాసన వస్తే పారీసీ. మళ్లీ సూడు." మళ్లీ చూశాను. వారం తర్వాత నా ముక్కుకి ఒక వాసన తగలడం అదే మొదలు.

అలా నాకు ఆయన నేర్పారు. రోజంతా గడ్డి, అడ్డు లేకుండా. పొద్దున్నా సాయంత్రం గుప్పెడేసి ఆకు. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు మార్చి మార్చి. గోబీ ఆకు తక్కువ, గాలి చేస్తుంది. గుళికల మేత ఒక్క చెంచా. కారెట్టూ అరటిపండూ వారానికోసారి, బొటనవేలి గోరంత, అది ముచ్చట. అన్నం, రొట్టె, బిస్కెట్టు ఎప్పటికీ వద్దు. పొద్దున్నే అది మెత్తటి పెంటికల్ని తిరిగి నోటితో అందుకుని తింటుంటే కృప "ఛీ" అని అరిచింది. "ఛీ ఏటే గుంటా, అది దాని రెండో బంతి. నీకు ఒకటే, దానికి రెండు," అన్నారాయన. తల్లి పోయాక ఆ పిల్ల నవ్వడం నేను మళ్లీ విన్నది అప్పుడే.

దాన్ని ఆయన పేరుతో పిలిచేవారు కాదు. "ఇది" అనేవారు. వాళ్ల ఆఫీసులో కుందేళ్లకి పేర్లు పెట్టేవారు కాదట, చెవి మీద నంబరే. ఏదీ మూడేళ్లు దాటడం చూడలేదన్నారు. మా రూయీకి ఆరో ఏడు వచ్చింది. ఒక కంట్లో పొర కమ్మింది, గెంతడం తగ్గింది. నేను దిగులుగా చూపించాను. ఆయన దాన్ని వెలుగులోకి తిప్పి, ఆ తెల్లకంటిని ఎంతసేపో చూసి, "ముసిలిదైపోనాది," అన్నారు. కూతురికి సంబంధం కుదిరిన తండ్రి ముఖం అలా ఉంటుందేమో. ఆ రోజు నుంచి "ముసిలిదానా" అని పిలవడం మొదలుపెట్టారు.

ఆయన కోసం ప్రార్థన చేస్తానంటే వద్దనేవారు. "నాకు తీర్చాల్సిన లెక్క ఉంది తల్లీ. ఒగ్గీ," అనేవారు, వదిలెయ్యమని. మా ఇంట్లో ఎంగిలి కూడా పడేవారు కాదు. కంచం పెడితే, "తినీసి వచ్చాను," అనేవారు. ఏ పూట వచ్చినా అదే మాట. తింటే నా చేతి వంట మీద ఆయన ఏం వంక పెడతారో అని నవ్వుకునేదాన్ని.

ఫూల్‌వతి చెప్పిన సాయంత్రం కృపా నేనూ ఆయన గదికి వెళ్లాం. కృప ఇప్పుడు నాకంటే పొడవు. నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. గది అప్పటికే ఖాళీ చేశారు. ఇంటావిడ పంజాబీ పెద్దావిడ, మంచి మనిషి, కన్నీళ్లు పెట్టుకుంది. ఆయనకి కొన్నాళ్లుగా ముద్ద గొంతు దిగడం లేదట. ఎవరికీ చెప్పలేదు. ఆమె తలుపు దగ్గర ఆగి రోజూ అడిగేదట, "ఖానా ఖాయా, భాయిసాబ్?" అని. "ఖా లియా" అనేవారట, తినేశానని. తర్వాత చూస్తే పొయ్యి మీద దుమ్ము. నాకు చివరిసారి కనబడింది పది రోజుల కింద. సంచీలో ఆకులతో వచ్చి, రూయీ పళ్లెం చూసి, "బాగుంది" అన్నారు. కంచం తెచ్చాను. తినీసి వచ్చాను అన్నారు. సరేనని కంచం లోపల పెట్టేశాను.

కుందేలు నోరు విప్పి చెప్పదు కాబట్టి రోజూ దాన్ని చూశాం. ఆయన చెప్పారు కాబట్టి నమ్మాం. ఒక్క పూట తిండి ఆగితే ఏమవుతుందో నాకు నేర్పిన మనిషికి ఎన్ని పూటలు ఆగిందో నాకు తెలీదు. ఇది రాస్తుంటే కూడా లెక్క వేసుకుంటున్నాను, తేలడం లేదు. కృప ఇంటికి వచ్చి రూయీకి గడ్డి వేసింది. తర్వాత రెండు కంచాలు పెట్టి, నేను నా కంచంలోది మొత్తం తినేదాకా ఎదురుగా కూర్చుని చూసింది.

ఆయన కోసం ప్రార్థించమని మిమ్మల్ని అడగను. బతికుండగానే వద్దన్నారు. ఒక్క మనవి మాత్రం చేస్తాను. ఈ పూట మీ ఇంట్లో అన్నం వడ్డించుకునేటప్పుడు, మీకు పేరు తెలియని ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.